నరాలకు దారి చూపే ప్రోటీన్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఏఎల్ఎస్, అల్జీమర్స్, పార్కిన్సన్స్, హంటింగ్టన్స్ వంటి నాడీక్షయ జబ్బుల్లో ఆక్సాన్లకు (నాడీకణాల నుంచి సాగే పొడవాటి తీగలకు) దారి చూపే గైడెన్స్ ప్రోటీన్ల పాత్ర గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ నెల జవాబులిస్తున్నాం. మూడు నాలుగు ఉత్తరాలు ఒకే సంగతి అడిగినచోట వాటిని ఒకటిగా కలిపాం.

ప్రశ్న: గైడెన్స్ ప్రోటీన్లు తల్లి కడుపులో ఉన్నప్పుడు నరాలకు దారి చూపిస్తాయని చదివాను. మరి అరవై ఏళ్లకు వచ్చే జబ్బుతో వాటికి పనేమిటి? – విశ్రాంత ఉపాధ్యాయుడు, మదనపల్లె

వెన్నుపాములోని నాడీకణం నుంచి బయల్దేరిన ఆక్సాన్ పాదంలోని కండరాన్ని వెతుక్కుంటూ పోవాలి. పెద్దవాళ్లలో ఆ తీగ పొడవు దాదాపు మీటరు ఉంటుంది. దాని కొసన చేతివేళ్లలాంటి పోగులతో కదిలే భాగాన్ని గ్రోత్ కోన్ అంటారు. స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ 1890లోనే దాన్ని వర్ణించాడు. ఏదో రసాయనం దాన్ని లాగుతూ ఉండాలని ఆ తర్వాత ఊహించినదీ ఆయనే. ఆ రసాయనాలు చేతికి చిక్కడానికి మాత్రం వందేళ్లు పట్టింది. 1994లో మార్క్ టెసియర్-లవీన్ బృందం దాదాపు 25,000 కోడిపిండాల మెదళ్ల నుంచి నెట్రిన్‌ను వేరుచేసింది. సెమాఫోరిన్లు, ఎఫ్రిన్లు, స్లిట్లు కూడా ఆ దశాబ్దంలోనే బయటపడ్డాయి. ఈ నాలుగూ ప్రధాన కుటుంబాలు.

పుట్టాక ఇవి మాయమవుతాయనుకోవడం పొరపాటు. పెద్దవాళ్ల మెదడులో సినాప్సులు (నాడీకణాలు కలిసే చోట్లు) ఎన్ని నిలవాలి, ఎన్ని ఊడాలి, ఆక్సాన్ల మీద దెబ్బతిన్న మైలిన్ పూత మళ్లీ పడాలా వద్దా, రోగనిరోధక కణాలు ఎటు కదలాలి అనే విషయాల్లో వీటి చెయ్యి ఉంటుంది. మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌నే తీసుకోండి. అక్కడ నాడీకణం మీద ఎఫ్‌ఏ4 అనే రిసెప్టర్ (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) ఉంటుంది. పక్కనున్న ఆస్ట్రోసైట్ (నాడీకణాలకు సాయపడే కణం) తన పైనున్న ఎఫ్రిన్‌తో దాన్ని తాకితే సినాప్సు మొటిమలు కుంచించుకుపోతాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇది అవసరమైన కత్తిరింపే. అల్జీమర్స్‌లో పోగయ్యే అమిలాయిడ్ బీటా గుంపులు ఇదే ఎఫ్‌ఏ4ను అదేపనిగా రెచ్చగొడతాయని 2014లో హాంకాంగ్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపారు. దాని దగ్గరి చుట్టం ఎఫ్‌బీ2 జ్ఞాపకశక్తికి మేలు చేసేది. అమిలాయిడ్ దాన్ని నాశనం చేస్తుందని, ఎలుకల్లో దాన్ని తిరిగి పెంచితే జ్ఞాపకం మెరుగుపడిందని 2011లోనే తేలింది. ఒకే కుటుంబంలో ఒకటి ఎక్కువై, ఇంకొకటి తక్కువై రెండు రకాలుగా నష్టం జరుగుతోందన్నమాట.

అయితే ఒక హెచ్చరిక. చనిపోయిన రోగుల మెదడులో సెమాఫోరిన్-3ఏ పేరుకుని కనిపించినంత మాత్రాన జబ్బు దానివల్లే వచ్చిందని కాదు. చచ్చిపోతున్న కణాల చుట్టూ అది తర్వాత చేరి ఉండొచ్చు. ‘గైడెన్స్ ప్రోటీన్ల లోపమే అల్జీమర్స్‌కు మూలం’ అని ఎవరైనా రాస్తే అది ఇప్పుడున్న ఆధారాలను దాటి రాసిన మాటే.

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. ఆరు నెలల కిందట మోటార్ న్యూరాన్ జబ్బు (ఏఎల్ఎస్) అని తేల్చారు. ఎఫ్‌ఏ4ను ఆపితే ఈ జబ్బు నెమ్మదిస్తుందని నెట్‌లో చూశాను. ఆ మందు మనకు ఎక్కడ దొరుకుతుంది? – ఒక కుమార్తె, ఖమ్మం

అమ్మా, ఆ మందు ఇంకా ఎక్కడా రాలేదు. ఎందుకు రాలేదో కొంచెం వివరంగా చెప్తాం, ఎందుకంటే ఈ కథ తెలిస్తే రేపు ఇంకో పేరుతో వచ్చే వార్తను కూడా మీరే తూచగలరు.

2012లో బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు జీబ్రా చేపల్లో జన్యువుల్ని ఒక్కొక్కటిగా తగ్గిస్తూ, ఏది తగ్గితే ఏఎల్ఎస్ మ్యుటేషన్ చేసే చెరుపు తగ్గుతుందో వెతికారు. ఎఫ్‌ఏ4 దొరికింది. పుట్టుకతోనే ఎఫ్‌ఏ4 సగమే ఉన్న ఏఎల్ఎస్ ఎలుకలు ఎక్కువ కాలం బతికాయి. మనుషుల్లోనూ ఎఫ్‌ఏ4 తక్కువగా ఉన్న రోగులకు జబ్బు ఆలస్యంగా మొదలైంది, బతికిన కాలమూ ఎక్కువే. మీరు చదివిన వార్త ఇక్కడిదాకానే ఉండి ఉంటుంది.

2018లో అసలు పరీక్ష జరిగింది. ఎలుకలు పెద్దయ్యాక, అంటే మనిషికి మందు ఇచ్చే పరిస్థితిలో, యాంటీసెన్స్ మందుతో (జన్యువు నుంచి ప్రోటీన్ తయారవకుండా ఆపేది) మెదడు, వెన్నుపాముల్లో ఎఫ్‌ఏ4ను తగ్గించారు. మందు పనిచేసింది, ఎఫ్‌ఏ4 తగ్గింది కూడా. జబ్బు మాత్రం తగ్గలేదు. పుట్టుకనుంచే తక్కువ ఉండటం వేరు, పెద్దయ్యాక తగ్గించడం వేరు అని ఒక వివరణ. ఈ రిసెప్టర్ మోటార్ న్యూరాన్ల మీదే కాక ఆస్ట్రోసైట్ల మీదా ఉంది కాబట్టి అంతటా ఒకేసారి తగ్గిస్తే లాభనష్టాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయన్నది ఇంకొకటి. ఆ మరుసటి ఏడాది ఇంకో సంగతి తెలిసింది. ఎఫ్‌ఏ4కు అతుక్కునే ఎఫ్రిన్-ఏ5ను తగ్గిస్తే ఎలుకల్లో జబ్బు ముదిరింది. జతలో ఒకటి పుట్టుకనుంచే తక్కువుంటే మేలు, రెండోది తగ్గితే కీడు! ఇలాంటి చోట తొందరపడి మనుషులకు మందు ఇవ్వకపోవడమే మంచిదైంది.

మనుషుల దాకా వచ్చిన దగ్గరి ప్రయత్నం ఒకటుంది. ఆక్సాన్ పెరుగుదలను ఆపే నోగో-ఏ అనే మైలిన్ ప్రోటీన్‌ను అడ్డుకునే ఓజనెజుమాబ్ అనే యాంటీబాడీని 303 మంది ఏఎల్ఎస్ రోగుల మీద పరీక్షించారు. కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలకోసారి సిరలోకి ఎక్కించారు. 2017లో ఫలితాలు అచ్చయ్యాయి. లాభం లేదు.

ఇక ఇప్పుడు చేయదగ్గవి. రిలుజోల్ 50 మిల్లీగ్రాములు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, ఖాళీ కడుపున (తిండికి గంట ముందు లేదా రెండు గంటల తర్వాత) వేసుకోవాలి. టిఫిన్‌తోపాటు మింగితే మందు ఒంటికి పట్టేది తగ్గుతుంది. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే. మొదటి మూడు నెలలు నెలకోసారి, ఆ ఏడాదంతా మూడు నెలలకోసారి లివర్ పరీక్ష చేయించాలి. ఇంట్లో ఇంకెవరికీ ఈ జబ్బు లేకపోయినా జన్యు పరీక్ష గురించి న్యూరాలజిస్టును అడగండి. ఏఎల్ఎస్ రోగుల్లో దాదాపు 2 శాతం మందికి ఎస్ఓడీ1 మ్యుటేషన్ ఉంటుంది. వారికి వెన్నులోకి ఎక్కించే టోఫర్సెన్‌ను అమెరికా 2023 ఏప్రిల్‌లో అనుమతించింది. మిగతావారికి అది పనికిరాదు.

అన్నిటికన్నా ముఖ్యం ఊపిరి, బరువు. ఊపిరితిత్తుల సామర్థ్యం (ఎఫ్‌వీసీ) మూడు నెలలకోసారి కొలిపించండి. అది 50 శాతం కిందికి రాకముందే కడుపులోకి ట్యూబు (పెగ్) గురించి నిర్ణయం జరగాలి. ఆ తర్వాత చేస్తే మత్తు, ఊపిరి సమస్యలు ఎక్కువ. పడుకుంటే ఆయాసం, తెల్లవారి తలనొప్పి, పగలు మగత ఉంటే ఎఫ్‌వీసీ అంకె ఎలా ఉన్నా బైపాప్ (మాస్కుతో ఊపిరికి సాయం చేసే యంత్రం) గురించి అడగండి. రాత్రిపూట బైపాప్ వాడకం ఆయుష్షును పెంచినంతగా పైన చెప్పిన ప్రోటీన్ ప్రయోగాలేవీ ఇంతవరకు పెంచలేదు.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు సెమాఫోరిన్-3ఏ మీద గ్రోత్ కోన్ కొలాప్స్ పరీక్ష చేస్తున్నాను. కంట్రోల్ ప్లేటులో కూడా సగానికిపైగా కోన్లు ముడుచుకుపోతున్నాయి. ఎక్కడ తప్పు? – విద్యార్థిని, విశాఖపట్నం

ఈ పరీక్షకు కోడిపిండాల నాడీకణాలు వాడతారు కాబట్టి మొదలు గుడ్ల దగ్గర. ఇది మీకు తెలిసే ఉంటుంది గానీ, కొత్తగా మొదలుపెట్టేవారి కోసం: కిరాణా కొట్లోని ఫారం గుడ్లలో పిండం ఉండదు, ఎన్ని రోజులు వెచ్చబెట్టినా లాభం లేదు. హ్యాచరీ నుంచి ఫలదీకరణం చెందిన గుడ్లు తెచ్చి 37.5–38 డిగ్రీల దగ్గర 7 రోజులు ఉంచాలి. కాలేజీ నైతిక కమిటీ అనుమతి కాగితం ముందే తీసుకోవాలి.

ఏడో రోజు పిండం నుంచి డోర్సల్ రూట్ గ్యాంగ్లియాన్లు (వెన్నుపాము పక్కనుండే నాడీకణాల ముద్దలు) తీసి, పాలీలైసిన్ మీద లామినిన్ (మిల్లీలీటరుకు 10–20 మైక్రోగ్రాములు) పూసిన కవర్‌స్లిప్పుల మీద పెట్టి, నరాలను పెంచే ప్రోటీన్ ఎన్‌జీఎఫ్ (మిల్లీలీటరుకు 20–50 నానోగ్రాములు) ఉన్న మాధ్యమంలో 18–24 గంటలు పెంచాలి. సెమాఫోరిన్ వేసి 30 నిమిషాల నుంచి గంట ఉంచి, ఫిక్స్ చేసి లెక్కపెట్టాలి. పరచుకున్న పొర లేకుండా, వేళ్లు రెండుకు మించకుండా ఉన్న కొసను కొలాప్స్‌గా లెక్కించాలి. ప్లేటుకు కనీసం 100 కోన్లు లెక్కిస్తేనే అంకెకు విలువ. కంట్రోల్లో 10–30 శాతం కొలాప్స్ మామూలే.

మీ ప్లేటులో సగం దాటిందంటే తప్పు సెమాఫోరిన్‌లో లేదు. మా అనుమానం ఫిక్సింగ్ మీద. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పారాఫార్మాల్డిహైడ్ పోస్తే గ్రోత్ కోన్ చలికే ముడుచుకుంటుంది. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 10 శాతం సుక్రోజ్ కలిపి, 37 డిగ్రీలకు వెచ్చబెట్టి, పాత మాధ్యమం పూర్తిగా తీసేయకుండా ప్లేటు అంచునుంచి నెమ్మదిగా వదలండి. కోన్ల మీద ఒక్క క్షణం గాలి తగిలినా చాలు, పని చెడుతుంది. రెండో కారణం ఇంక్యుబేటర్ బయట గడిపిన సమయం. కార్బన్ డయాక్సైడ్ పోయి మాధ్యమం గులాబీ నుంచి ఊదారంగుకు తిరిగిందంటే పీహెచ్ మారిపోయినట్టే. మైక్రోస్కోపు దగ్గర ప్లేట్లు వరుసలో పెట్టుకుని ఒక్కొక్కటి చూస్తూ కూర్చోవద్దు. మూడోది లామినిన్. గడ్డకట్టించి కరిగించి మళ్లీ గడ్డకట్టించిన గొట్టంలోది వాడితే కోన్లు సరిగా పరచుకోవు.

సెమాఫోరిన్ వేయని కంట్రోల్‌తోపాటు, దాన్ని కరిగించిన బఫర్ మాత్రమే వేసిన ప్లేటు కూడా పెట్టండి. ఎన్‌జీఎఫ్ బదులు ఎన్‌టీ-3లో పెంచిన కణాలు సెమాఫోరిన్-3ఏకు అంతగా స్పందించవన్నది గుర్తుంచుకోండి. కండరాల నుంచి సమాచారం తెచ్చే ఆ కణాలు ఆ వయసుకే దాన్ని లెక్కచేయడం మానేస్తాయి. అలాంటి ఫలితం వస్తే ప్రోటీన్ చెడిందని పారేయకండి.

ఇంకో ప్రశ్న కూడా అడిగారు: ఒకే నెట్రిన్ ఒకచోట లాగి, ఇంకోచోట ఎలా తోస్తుందని. రిసెప్టర్‌ను బట్టి. డీసీసీ ఉంటే లాగుతుంది, యూఎన్‌సీ5 కలిస్తే తోస్తుంది. రిసెప్టర్ మారకపోయినా కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు తగ్గితే లాగేది తోసేదిగా మారుతుందని 1997లో కప్పపిండాల నాడీకణాల మీద నిరూపించారు. ఈ ప్రోటీన్లు మందులు కాలేకపోవడానికి అసలు కారణం మా దృష్టిలో ఇదే. రోగి మెదడులో ఏ కణం ఏ స్థితిలో ఉందో తెలియకుండా ప్రోటీన్ ఇస్తే అది ఎటు తిప్పుతుందో ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: మా వారి వైపు హంటింగ్టన్స్ ఉంది. సెమాఫోరిన్ మీద పనిచేసే పెపినెమాబ్ అనే మందు ఏమైంది? – న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు

గైడెన్స్ ప్రోటీన్‌ను సూటిగా గురిపెట్టి మనుషుల్లో పెద్ద ఎత్తున పరీక్షించిన మందు ఇది. సెమాఫోరిన్-4డీని పట్టుకునే యాంటీబాడీ. ఆస్ట్రోసైట్లు ఆ ప్రోటీన్ సంకేతంతో తమ మామూలు సంరక్షణ పని వదిలేసి వాపు బాట పడతాయని, దాన్ని ఆపాలని ఆలోచన. సిగ్నల్ అనే ట్రయల్‌లో 265 మందికి నెలకోసారి కిలోకు 20 మిల్లీగ్రాముల చొప్పున 18 నెలలు మందో, ఉత్తుత్తి ద్రవమో ఇచ్చారు. 2022లో వచ్చిన ఫలితాల్లో ముందు నిర్ణయించుకున్న ప్రధాన లక్ష్యాలు నెరవేరలేదు. స్కానుల్లో మాత్రం మెదడు గ్లూకోజు వాడకం మందు తీసుకున్నవారిలో అంతగా పడిపోలేదు. లక్షణాలు మొదలైనవారిలో ఆలోచనాశక్తి పరీక్షల్లో కొంత మేలు కనిపించింది.

అలా తర్వాత విడదీసి చూసిన లెక్కలు కొత్త ట్రయల్‌కు దారి చూపుతాయే తప్ప ప్రిస్క్రిప్షన్‌కు చాలవు. ఆ మందును అల్జీమర్స్‌లోనూ పరీక్షించారు. మీ పిల్లలు ముందస్తు జన్యు పరీక్ష గురించి ఆలోచిస్తుంటే, రక్తం ఇవ్వకముందే కౌన్సెలింగ్ జరగాలి. హంటింగ్టన్స్ జన్యువులో సీఏజీ అనే మూడక్షరాల ముక్క పునరావృతాలు 40 లేదా ఆ పైన ఉంటే జబ్బు వచ్చి తీరుతుంది. 36–39 మధ్య అయితే రావచ్చు, రాకపోవచ్చు. పద్దెనిమిది నిండని పిల్లలకు, లక్షణాలు లేకుండా, ఈ పరీక్ష చేయించకూడదు.

ప్రశ్న: అమ్మకు పార్కిన్సన్స్. నెట్రిన్ తగ్గితే డోపమైన్ కణాలు చస్తాయంటున్నారు. నెట్రిన్ ఇంజెక్షన్ ఇస్తే సరిపోదా? – రాజమహేంద్రవరం

సరిపోదు, మూడు అడ్డంకులున్నాయి.

తగ్గితే చస్తాయన్నది ఎలుకల్లో నిజమే. 2021లో అచ్చయిన పనిలో పెద్ద ఎలుకల సబ్‌స్టాన్షియా నైగ్రాలో (డోపమైన్ కణాలుండే మెదడు భాగం) నెట్రిన్-1ను తీసేస్తే డోపమైన్ కణాలు చనిపోయాయి. డీసీసీ రిసెప్టర్ తనకు నెట్రిన్ అందినంతకాలం కణాన్ని బతకనిస్తుంది, అందకపోతే తానే చావు సంకేతం పంపుతుంది. పార్కిన్సన్స్ నమూనా ఎలుకల మెదడులోకి వైరస్ ద్వారా నెట్రిన్ జన్యువును పంపితే కణాలకు రక్షణ దొరికింది.

కానీ నెట్రిన్ సుమారు 600 అమైనో ఆమ్లాల పెద్ద ప్రోటీన్. చేతికి ఇంజెక్షన్ ఇస్తే రక్తం నుంచి మెదడులోకి దాటదు. నేరుగా మెదడులో వేసినా కణాల చుట్టూ ఉన్న హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులకు అంటుకుని, వేసినచోటే ఉండిపోతుంది. మూడో అడ్డంకి మరీ గడ్డుది. చాలా కేన్సర్ కణాలు తమ చావును తప్పించుకోడానికి ఇదే నెట్రిన్‌ను తయారుచేసుకుంటాయి. అందుకే కేన్సర్ వైద్యులు నెట్రిన్‌ను ఆపే యాంటీబాడీని పరీక్షిస్తున్నారు. ఒంట్లో ఎక్కడపడితే అక్కడ దాన్ని పెంచడం ఎవరికీ ఇష్టంలేని పని. అమ్మగారి లెవోడోపా మాత్రల వేళలు, వాటికీ మాంసకృత్తుల తిండికీ మధ్య ఎడం, రోజూ నడక: వీటి మీద దృష్టి పెట్టండి.

ప్రశ్న: మాది మేనరికం. బాబుకు ఐదేళ్లు. కళ్లు పక్కలకు తిరగవు, తల తిప్పే చూస్తాడు. ఇప్పుడు వెన్ను వంకర మొదలైంది. నరాలు క్షీణించే జబ్బేమోనని భయంగా ఉంది. – నంద్యాల

ఈ రెండు లక్షణాలూ కలిసి వస్తే ముందు తలచుకోవాల్సింది ఆర్‌ఓబీఓ3 అనే జన్యువు. స్లిట్ సంకేతాన్ని అందుకునే కుటుంబానికి చెందిన గైడెన్స్ రిసెప్టర్ అది. రెండు ప్రతులూ చెడితే మెదడు కాండంలో అడ్డంగా దాటాల్సిన నరాల కట్టలు దాటకుండా తమ వైపే ఉండిపోతాయి. 2004లో ఈ సంబంధం బయటపడింది. కళ్లు పైకీ కిందికీ తిరుగుతూ, పక్కలకు మాత్రం పుట్టినప్పట్నుంచీ తిరగకపోవడం గుర్తు. ఎమ్మారైలో మెదడు కాండం మధ్య చీలిక కనిపిస్తుంది.

భయపడే సంగతి, ఊరట రెండూ ఉన్నాయి. ఇది దారి తప్పిన నిర్మాణమే గాని కణాలు చచ్చిపోయే జబ్బు కాదు. కళ్ల లోపం ఏటేటా ముదరదు. వెన్ను వంకర మాత్రం ముదురుతుంది, ఆగదు. ఆరు నెలలకోసారి ఎక్స్‌రే కొలతలు తీయించి వెన్నెముక సర్జన్‌కు చూపించాలి.

ఆపరేషన్ దాకా వస్తే ఒక మాట కాగితం మీద రాసి సర్జన్‌కు, మత్తు డాక్టరుకు ఇవ్వండి. మామూలు మనిషిలో కుడి మెదడు ఎడమ చేతిని కదిలిస్తుంది. ఈ పిల్లల్లో కుడి మెదడు కుడి చేతినే కదిలిస్తుంది. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నరాల సంకేతాలను గమనించే యంత్రాన్ని దానికి తగ్గట్టు అమర్చకపోతే, సంకేతం రావడంలేదని వెన్నుపాము దెబ్బతిన్నట్టు పొరబడే ప్రమాదం ఉంది.

తర్వాతి కాన్పు సంగతి. మీరిద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలో 25 శాతం అవకాశం. మేనబావ మరదళ్ల పెళ్లిలో బిడ్డకు ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చే అవకాశం 16లో 1, మేనమామతో పెళ్లి అయితే 8లో 1. ముందు బాబులో మ్యుటేషన్ కచ్చితంగా తేలాలి. అప్పుడే గర్భం 11–13 వారాలప్పుడు మాయ ముక్క పరీక్షతో తెలుసుకోగలం. హైదరాబాద్‌లో నిమ్స్ జెనెటిక్స్ విభాగం, సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం) ఇలాంటి కుటుంబాలకు సలహా, పరీక్షలు అందిస్తాయి.

ప్రశ్న: ఎఫ్‌ఏ4ను ఆపే చైనా మూలిక మాత్రలు ఆన్‌లైన్లో ఉన్నాయి. నాన్నమ్మకు మతిమరుపు, వాడొచ్చా? – కరీంనగర్

వద్దు. ఎలుకల్లో ఎఫ్‌ఏ4ను ఆపిన పదార్థం రింకోఫిలైన్, అన్‌కేరియా జాతి తీగలోది. శుద్ధిచేసిన ఆ పదార్థాన్ని కొలిచి ఎలుకలకిచ్చారు. మీరు కొనే మాత్రలో అది ఎంత ఉందో సీసా మీద ఉండదు. బీపీ మందులు, రక్తం పలచబరిచే మందులు వాడే పెద్దావిడకు ఇది మరీ ప్రమాదం. ముందు బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతుంటే బీ12 తగ్గుతుంది, ఆ మతిమరుపు తేలిగ్గా సరిచేయగలిగినది.

ప్రశ్న: ‘నరాలను తిరిగి మొలిపించే’ మూలకణాల ఇంజెక్షన్‌కు మూడు లక్షలు అడుగుతున్నారు. ఏం చూసుకోవాలి? – నిజామాబాద్, గుంటూరు నుంచి ఇద్దరు

ట్రయల్ అంటున్నారా, చికిత్స అంటున్నారా? మొదట అది రాతపూర్వకంగా అడగండి. చికిత్స అంటే అక్కడితో లేచి రండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు తప్ప మూలకణాలను మామూలు చికిత్సగా వాడకూడదు. ట్రయల్ అంటే సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబరు ఉండాలి. 2009 జూన్ 15 నుంచి దేశంలో అనుమతి పొందే ప్రతి ఔషధ ట్రయల్ అక్కడ నమోదవ్వాలి. ఆ నంబరును సైటులో వెతికి, జబ్బు పేరు, ఆస్పత్రి పేరు, ‘రోగులను చేర్చుకుంటున్నారు’ అనే స్థితి మూడూ సరిపోతున్నాయేమో చూడండి. నంబరు అసలుదే అయినా మోకాళ్ల నొప్పుల ట్రయల్‌ది కావచ్చు. ఇలా చూపించి మోసం చేయడం తేలిక. ట్రయల్‌లో పరీక్షించే మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. సమ్మతి పత్రం తెలుగులో ఇవ్వాలి, ఇంటికి తీసుకెళ్లి చదువుకోనివ్వాలి, ఏదైనా వికటిస్తే వైద్యం ఎవరు చేయిస్తారో అందులో రాసి ఉండాలి. మూడు లక్షలకు రసీదు ఏ పేరు మీద ఇస్తారో కూడా అడగండి. ‘ప్రాసెసింగ్ చార్జీలు’ అని రాస్తామంటే అది ట్రయల్ కాదు.